ఒక్క నిమిషం ఊపిరి

అనకాపల్లి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందే ముగిసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో మన పిల్లల లెక్క అటు పాడేరు కొండలతోనూ ఇటు విశాఖ నగరంతోనూ కలిసిపోయింది. ఇక్కడి పీహెచ్‌సీల్లో పసిపిల్లలకు ఎలాంటి వైద్యం అందుతోందో ఆ సర్వే చెప్పలేదు. మరి దేన్ని చూసి తేల్చాలి?

అధికారులు చూపించేది ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు) మార్కులు. ఎనిమిది విభాగాల్లో తనిఖీ చేసి, కనీసం 70 శాతం వస్తేనే జాతీయ ధ్రువపత్రం ఇస్తారు. ఇదంతా కాగితాల తంతు అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో పూటపూటా రాయించకపోతే, కరెంటు పోయిన రాత్రి మందు పాడైన సంగతి ఏ తల్లికి తెలుస్తుంది? అంతకుముందరి కుటుంబ ఆరోగ్య సర్వేకూ 2019-21 సర్వేకూ మధ్య రాష్ట్రంలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 65 నుంచి 73 శాతానికి పెరిగారు. ఇందులో రిజిస్టర్లకూ వాటా ఉందనే నా నమ్మకం. అయితే అదే కాలంలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2 శాతానికి ఎగబాకింది. తిండి సంగతి పీహెచ్‌సీ నెత్తిన రుద్దలేం గానీ, ఆ అంకెను చూడనట్టు ఊరుకోనూ లేం.

తనిఖీ కంటికి ఆననిది ఇంకోటి ఉంది. ఏడాదిన్నర పిల్లాణ్ణి దగ్గుతో తీసుకొస్తారు. తల్లి ఒళ్లో కుదురుగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. ఆ వయసుకు 40, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకైతే 50 వచ్చిందంటే న్యుమోనియా అనుమానించాలి. డొక్కలెగరేస్తున్నాడా అన్నదీ అప్పుడే కంటపడుతుంది. యంత్రం అక్కర్లేదు. కానీ బయట జనం కిక్కిరిసి ఉంటే ఆ నిమిషమే దొరకదు. లెక్కపెట్టినా, పెట్టకుండా సిరప్ రాసి పంపినా, ఓపీ రిజిస్టర్లో పడేది ఒకటే వరస.

అయితే తల్లుల్నే అడుగుదాం అంటారు ఇంకొందరు. ఎంతసేపు కూర్చోబెట్టారో, ఎవరు కసురుకున్నారో వాళ్లే చెప్పాలి, నిజమే. కానీ మన బెల్లం మార్కెట్ ఎరిగినవాళ్లు ఇక్కడ కాస్త ఆగుతారు. పచ్చగా మెరిసే దిమ్మకే ధర. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం చలవ. అలాగే సూది పొడిచి మూడు సీసాలిచ్చిన ఆర్‌ఎంపీ మంచి డాక్టరు. విరేచనాలకు ఓఆర్‌ఎస్, 14 రోజుల జింకు చేతికిచ్చి "సూది అక్కర్లేదమ్మా" అన్న ఏఎన్‌ఎం ఏమీ చెయ్యనట్టే లెక్క.

అందుకే "తృప్తిగా ఉందా?" అన్న ప్రశ్న నాకు నచ్చదు. చొక్కా ఎత్తి చూశారా, జింకు ఎన్నాళ్లు వెయ్యమన్నారు, ఏం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు అని, వైద్యం చేసినవాళ్లు కాక వేరొకరు, రెండ్రోజుల్లోపు అడగాలి. తల్లికి గుర్తుండకపోవచ్చు. "ఏమోనండీ, తెలీదు" అంటే ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి. మన తనిఖీల్లో జరగనిది ఆ ఖాళీ వదలడమే.