మనవాడే గదా!

“అంగడిలో మనిషి కావలెను” అని బోర్డు కట్టిన నాటినుండి మా ఇంట కాఫీ ఖర్చు పెరుగుతుంది. వచ్చినవారందరితో కబుర్లు చెప్పడం నాకు అలవాటు. బరంపురంలో మాది చిన్న బట్టల అంగడి. నేనూ, మా ఆవిడా, ముగ్గురు పనివాళ్లూ. ముగ్గురిలో ఒకరు కుదరకపోతే అంగడి కుంటినట్లే.

మూడేళ్ల క్రితం పలాస దగ్గరి పల్లెనుండి ఒక కుర్రవాడు వచ్చినాడు. అది మా మేనత్తగారి ఊరని తెలిసింది. ఇంకేమున్నది! అరగంటసేపు జీడితోటల సంగతులే. “మనవాడే గదా” అని అక్కడికక్కడే రమ్మన్నాను. బిల్లు వ్రాయడం వచ్చునా, ఒడియా వచ్చునా అని అడగనే లేదు. దసరా రద్దీలో మూడు బిల్లులకు తగ్గింపు రెండుసార్లు వేసినాడు. ఒడియావాళ్లు అడిగినదానికి బదులు చెప్పలేక నీళ్లు నమిలినాడు. నలుగురిలో కేకలు వేసినాను. మర్నాడు రాలేదు. జీతం బాకీ తీసుకొనడానికి వాళ్ల నాన్నగారు వచ్చి, డబ్బు లెక్కపెట్టుకొని, నా ముఖం చూడకుండానే వెళ్లిపోయినారు. నేనడగని ప్రశ్నకు ఆ పిల్లవాడు జవాబెట్లా చెప్పగలడు?

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదట. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే అమెరికా పండితులు 85 ఏండ్ల పరిశోధనలను కూడదీసి చూచినారు. ఊరికే మాట్లాడి చూచేకంటె, అందరినీ ఒకే ప్రశ్నలడగడమూ, అసలు పనిలో కొంత చేయించి చూడడమూ మేలని తేలింది. 2022లో పాల్ సాకెట్ మొదలైనవారు ఆ లెక్కలు మళ్లీ సరిచూచి, అంకెలు తగ్గించినా, ఒకే ప్రశ్నల పద్ధతిని మొదటి స్థానంలో నిలిపినారు.

మొన్న నలుగురు వచ్చినారు. జీతమెంతో, పండుగలప్పుడు రాత్రి ఎన్ని గంటలదాకా ఉండాలో ముందే చెప్పినాను. “ఏం చేస్తారు?” అంటే అందరూ హరిశ్చంద్రులే, అందుచేత “ఇదివరకు ఏం చేసినారు?” అని అడిగినాను. కోపంతో వచ్చినవారికి ఏం చెప్పినారు? గల్లాలో డబ్బు తక్కువైననాడు ఏం చేసినారు? మధ్యలో మా ఆవిడ ఒకమ్మాయిని “పెళ్లెప్పుడమ్మా?” అనబోతే కాలు తొక్కినాను. మగవాళ్లనడగనిది ఆమెనెందుకు?

పిమ్మట మా ఆవిడే బేరానికి వచ్చినట్లు నటించి, డబ్బు పంపినానని ఫోను చూపి చీర ఇమ్మన్నది, అదీ ఒడియాలో. మన ఫోనుకు డబ్బు చేరిన కబురు లేదు. ఇద్దరు వెంటనే పొట్లం కట్టినారు! చివరకు పది బిల్లులిచ్చి కూడమన్నాను. రెంటిలో తప్పులు నేను కావాలని పెట్టినవే. మార్కులు నేనూ ఆవిడా విడివిడిగా వేసి, తరువాతనే మాట్లాడుకొన్నాము.

ఎక్కువ వచ్చినవి నలభై దాటిన ఒక ఒడియా ఆవిడకు. మాటకారి కాదు. తెలుగు నాలుగు ముక్కలే. రెండు తప్పులూ పట్టి, మూడోది కూడా చూపింది. అది నేను పెట్టినది కాదు, నిజంగా చేసినదే!

“మనవాళ్లు ఇద్దరుండగా పరాయి మనిషా?” అని మా బాబాయిగారు నిలదీసినారు. మార్కుల కాగితాలు చేతిలో పెట్టినాను. ఆయన కళ్లజోడు సవరించుకొని చదివి, “ఆ మూడో తప్పు ఎంతకురా?” అన్నారు. నాలుగువందల ఎనభై.

మిగిలిన ముగ్గురికీ ఆ వారంలోనే నేనే ఫోను చేసి సంగతి చెప్పినాను. అందులో ఒక కుర్రవాడు దసరా పదిరోజులకైనా వస్తానన్నాడు. బిల్లుల దగ్గర కాదు, చీరలు విప్పి చూపేచోట. రమ్మన్నాను.