కేటలాగ్‌లో లేని పుస్తకాన్ని ఎవరు అరువిస్తారు?

మిత్రులారా, ఈసారి ఇంటర్ లైబ్రరీ లోన్ గురించి మాట్లాడుకుందాం. మన లైబ్రరీలో లేని పుస్తకాన్ని మన లైబ్రేరియనే ఇంకో లైబ్రరీని అడిగి తెప్పించి ఇచ్చే పద్ధతి ఇది. ఇంటి నిండా పుస్తకాలున్న వాళ్లకి ఇదొక సౌకర్యం. అక్షరం తాతల ఆస్తిగా రాని మనకి చాలాసార్లు ఇదొక్కటే దారి.

లైబ్రరీలు ఇలా పుస్తకాలు పంచుకోవడానికి 1988లో ఢిల్లీలో డెల్‌నెట్ మొదలైంది. సభ్యత్వం ఉన్న లైబ్రరీలు ఉమ్మడి కేటలాగ్‌లో వెతుక్కుని ఒకదాన్నొకటి అడుగుతాయి. చందా కట్టి చేరాల్సింది సంస్థ. మరి లైబ్రేరియన్ పోస్టే ఖాళీగా ఉన్న డిగ్రీ కాలేజీలో ఆ అభ్యర్థన పంపేదెవరు?

ఇప్పుడు పద్ధతి మారింది. పుస్తకం పోస్టులో రావడం తగ్గి, వ్యాసం పీడీఎఫ్‌గా మెయిల్లో రావడం పెరిగింది. 2024 నవంబర్‌లో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మంచిదే. మన సైన్సు పిల్లలు వాడుకోవాలి. కానీ 90ల దళిత కవిత్వం మీద పరిశోధన చేసే అమ్మాయికి కావలసిన తెలుగు పుస్తకం ఆ 13,000లో ఉండదు.

'అన్నీ నెట్‌లో దొరుకుతున్నాయి, ఇంకా అరువెందుకు సార్?' అంటారు కొందరు. నెట్‌లోకి ఎక్కినవి చాలావరకు లైబ్రరీ బీరువాల్లోంచి స్కానయినవే. మనవాళ్లు జీతం డబ్బులు పెట్టి కొద్ది కాపీలు అచ్చేసుకుని, సభల దగ్గర దుప్పటి పరిచి అమ్మిన పుస్తకాలు ఆ బీరువాల దాకా ఎన్ని వెళ్లాయి? కొనుగోలు కమిటీ కొనలేదు కాబట్టి కేటలాగ్‌లో లేదు. కేటలాగ్‌లో లేదు కాబట్టి అరువు రాదు, స్కానూ కాదు. వెలి మొదటి మెట్టు దగ్గరే జరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ మారిస్తే అది పోదు.

ఎక్కడో ఒక్క కాపీ ఉన్నా, పాడవుతుందని బయటికి పంపరు. ఆ భయం న్యాయమైనదే. దానికీ దారుంది. అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన అవసరానికి మూడు కాపీల దాకా తీసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఈ వెసులుబాటును ఎన్ని లైబ్రరీలు వాడుతున్నాయో అడగాలి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మన వాడల వాళ్లూ కడుతున్నారు.

అందుకే మూడు మాటలు. విద్యార్థులు కావలసిన పుస్తకాన్ని నోటితో కాదు, కాగితం మీద అడగండి. 'లేదు' అన్న జవాబునూ రాతలోనే తీసుకోండి. రేపు కొనుగోలు కమిటీ ముందు పెట్టడానికి ఆ కాగితాలే సాక్ష్యం. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తెలుగు పుస్తకాలకు ఒక ఉమ్మడి కేటలాగ్ తయారుచేయాలి, డిగ్రీ కాలేజీ పిల్లలకీ దాన్లోంచి అరువిచ్చేలా. ఇక ఉద్యమంలో తల నెరిసిన అన్నలకీ అక్కలకీ ఒక విన్నపం: మీ అటక మీది సంచికలు, కరపత్రాలు చెదలు తినకముందే జాబితా రాయించండి. రెండు కాపీలుంటే ఒకటి లైబ్రరీకిచ్చి రసీదు తీసుకోండి.

నమోదైన పుస్తకమే ప్రయాణం చేస్తుంది. ముందు మన పుస్తకాల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కిద్దాం.

జై భీమ్.