లెక్క వేరు, స్క్రీన్ వేరు
ఆదోని, ఎమ్మిగనూరు ప్రోగ్రామర్ల ప్రణాళిక

మేము ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఉంటూ ఇక్కడి వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. పత్తి మండీలకు బిల్లులు, జిన్నింగు మిల్లులకు తూకాల లెక్కలు, నేతన్నలకు నూలు, మజూరి పద్దులు, బట్టల కొట్లకు జీఎస్టీ ఇన్వాయిస్‌లు రాస్తాం. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఊరు ఎమ్మిగనూరు. నలుగురూ కూడి ఒక కట్టుబాటు పెట్టుకుని పని చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మా కట్టుబాటు ఇది: ప్రోగ్రాములో లెక్క వేరుగా, స్క్రీన్ వేరుగా ఉండాలి.

ఎందుకు?

చాలా ప్రోగ్రాముల్లో 'సేవ్' బటన్ వెనకే లెక్కంతా ఉంటుంది. తేమకు కోత ఎంత, కమీషన్ ఎంత, పన్ను ఎంత అన్నవి ఆ బటన్‌కే తెలుసు. అదే పని ఫోన్‌లో కావాలంటే లెక్క మళ్లీ రాస్తారు. చీటీ ప్రింటుకు మూడోసారి రాస్తారు. మరుసటి సీజనుకు రేటు మారితే రెండు చోట్ల దిద్ది, మూడోది మర్చిపోతారు. రైతు చేతిలోని చీటీ ఒకటి చెబుతుంది, ఫోన్ ఇంకొకటి చెబుతుంది. తప్పు ప్రోగ్రాముదే అయినా రైతు అనుమానించేది సరుకు కొన్నవాణ్ణే.

ఒక లాటు చూడండి. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) లెక్కలో తేమ 8 శాతం దాటితే ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత పడుతుంది, 12 దాటితే కొనరు. తేమ 10 శాతం ఉంటే క్వింటాలు ధర రూ.7,947.80. తూకం 12 క్వింటాళ్ల 40 కిలోలైతే రైతుకు రావలసింది రూ.98,552.72. స్క్రీన్ మీద చూడటానికి బాగుంటుందని ఎవరో ముందే ధరను రూ.7,948 చేసి గుణించారనుకోండి, రూ.98,555.20 వస్తుంది. ఒకే పత్తికి రెండు మొత్తాలు! తేడా రెండున్నర రూపాయలే కావచ్చు, సీజనంతా లాట్ల మీద లాట్లు వచ్చాక ఖాతా కలవదు.

మా సూత్రాలు

1. ఒక నిబంధన ఒక్కచోటే ఉండాలి. తేమ కోత, మజూరి, వడ్డీ, పన్ను ఏదైనా సరే, కోడ్‌లో దానికి ఒకే ఇల్లు. కంప్యూటరు, ఫోన్, ప్రింటరు అక్కడికే వచ్చి అడగాలి. మండీలో గుమాస్తా ఎవరు అడిగినా ఒకే ఖాతా పుస్తకం చూసి చెబుతాడు. ప్రోగ్రామూ అంతే చేయాలి.

2. స్క్రీన్‌కు లెక్క తెలియవచ్చు, లెక్కకు స్క్రీన్ తెలియకూడదు. లెక్క కోడ్‌లో బటన్, రంగు, కిటికీ అన్న మాటే కనిపించకూడదు. డేటాబేసు, ప్రింటరు, నెట్‌వర్కు కూడా బయటివే. నెట్ పోయినా తూకం ఆగకూడదు.

3. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా దాచాలి. రూపాయికి సవరించడం ఒక్కసారే, చివర్లోనే, లెక్క లోపలే జరగాలి.

4. నిబంధనను కాపలా కాసేది లెక్కే. తేమ 14 అని కొడితే స్క్రీన్ ముందే హెచ్చరించవచ్చు, అది వాడేవాడికి సౌకర్యం. స్క్రీన్ వదిలేసినా లెక్క మాత్రం వదలకూడదు.

5. భాష స్క్రీన్ పని. ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడతారు. ఉర్దూ పెడితే అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, స్క్రీన్ మొత్తం తిరగబడుతుంది. లోపలి లెక్కలో మాత్రం ఒక్క అక్షరం మారనక్కర్లేదు. లెక్క 'తేమ ఎక్కువ' అన్న సంకేతం ఇస్తే చాలు, వాక్యం స్క్రీన్ రాసుకుంటుంది.

6. మారేవాటికి తేదీ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది, ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలులోనే ఉన్నాయి. పన్ను నంబర్లలో ఉమ్మడి రాష్ట్రానికి 28గా ఉన్న రాష్ట్ర కోడ్ విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 37 అయింది. జిల్లా పేర్లు, కోడ్‌లు, పన్ను శాతాలు ఫారంలో అతికించకుండా, ఏ తేదీ నుంచి ఏది చెల్లుతుందో విడిగా రాసిపెట్టాలి. పాత బిల్లు తెరిస్తే పాత రేటే రావాలి.

7. స్క్రీన్ లేకుండానే పరీక్ష నడవాలి. గుమాస్తా కాగితం మీద వేసి సరిచూసిన లాట్లే మా పరీక్షలు. నూలు ఇచ్చిన బరువు, గుడ్డగా తిరిగొచ్చిన బరువు, తరుగు: నేతన్న ఒప్పుకున్న లెక్కే సరైన జవాబు. కోడ్ మార్చిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ నడవాలి.

మేము చేయనిది

ఈ ఆలోచన మేము కనిపెట్టింది కాదు. జెరాక్స్ పరిశోధన కేంద్రంలో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లోనే ప్రోగ్రామును మోడల్, వ్యూ, కంట్రోలర్ అని విడదీశాడు. 2005లో అలిస్టర్ కాక్‌బర్న్ డేటాబేసును కూడా స్క్రీన్‌తో పాటు బయటికి పంపాడు. అయితే పుస్తకంలో ఉందని పది వరుసల ప్రోగ్రాముకు ఐదు అంతస్తులు కట్టం. రెండు బరువులు కూడి చూపే పనికి రెండు బరువులు కూడే కోడ్ చాలు. డబ్బు చేతులు మారే చోట, నిబంధన మారే చోట, ఒకే లెక్కను రెండో పరికరం అడిగే చోట మాత్రం విడదీయక తప్పదు. దీనికి మొదట్లో కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. ఆ మాట పని ఒప్పుకునేటప్పుడే చెబుతాం, ఆ రోజులకు డబ్బు అడుగుతాం.

లెక్క కోడ్ చదివి చూస్తామంటే మండీ యజమానికైనా, నేతన్నకైనా చూపిస్తాం. నిబంధనలు ఒక్కచోట ఉన్నాయి కనుక కూర్చుని వివరించడమూ కష్టం కాదు.

తోటి ప్రోగ్రామర్లకు ఒక మాట. మీరు రాసినదాంట్లోంచి స్క్రీన్ తీసేసి, ఒక లాటు లెక్క నడిపి చూడండి. నడిస్తే మాతో కలవండి. నడవకపోతే ముందు ఆ ఒక్క లెక్కను బయటికి తీయండి, తర్వాత కలవండి.