ఆరని ఎర్రదీపం

తెలుగు పాఠాలు చెప్పుకొనే నావంటివాడు మోటారుకారు దీపాలను గురించి వ్రాయబూనడం చూసి విద్యార్థి మిత్రులు కొందరు నవ్వుకోవచ్చును. నవ్వుకోనీ. గత వేసవిలో కలిగిన ఒక చిన్న అనుభవం మన చదువుల తీరును గురించి నన్ను చాలా దూరం ఆలోచింపజేసింది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాకొక పాత కారు వున్నది. నా చేతికి వచ్చేనాటికే దానికి నడివయస్సు. ఒకనాటి రాత్రి తాళం వేసి ఇంటిలోనికి వచ్చిన కొంతసేపటికి పొరుగింటి పెద్దమనిషి తలుపు తట్టి, "మాస్టారూ, మీ బండి వెనుక ఎర్రదీపాలు వెలుగుతూనే వున్నాయి, చూసుకున్నారా?" అన్నారు. తాళంచెవి నా జేబులో వున్నది. బ్రేకు మీద ఎవరి పాదమూ లేదు. దీపాలు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతున్నవి! చాలా కార్లలో బ్రేకు దీపాలకు తాళంచెవితో నిమిత్తం లేదని ఆనాటికి నాకు తెలియదు. ఏమి చేయవలెనో తోచక పడుకున్నాను. తెల్లవారేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. తరువాత లెక్క వేసుకుంటే ఇందులో వింత ఏమీ లేదు. బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు, రెండూ కలిసి 42. 12 వోల్టుల మీద అది 3.5 ఆంపియర్లు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ కాగితం మీద 10 గంటలు నిలుస్తుంది. ఇంజనును తిప్పే సత్తువ అంతకు చాలా ముందే పోతుంది. ఇంటర్మీడియెట్ విద్యార్థికి కరతలామలకమైన ఈ లెక్క ఎం.ఏ. పట్టా గల నాకు ఆ రాత్రి తట్టలేదు.

ఒక పెద్ద వర్క్‌షాపువారు బండిని చూసీ చూడకనే వెనుక దీపాల అమరిక మొత్తం మార్చాలన్నారు, వైరింగు విప్పాలన్నారు. వారు చెప్పిన మొత్తం నా జీతంలో మూడవ వంతు. అటు పిమ్మట మా వీధి చివర వేపచెట్టు క్రింద పనిచేసే వృద్ధ మిస్త్రీ వద్దకు పోయాను. ఆయనను మేమందరం చాచా అంటాము.

చాచా పరికరాల పెట్టె తెరవలేదు. బ్యాటరీకి ప్రాణం పోయించి, "సాబ్, ముందు రాత్రి లైట్ల స్విచ్చి ఆపి వుందో లేదో చూడండి" అన్నారు. వెనుక బల్బులో తరచు రెండు తీగచుట్లు వుంటాయట: 5 వాట్లది రాత్రి దీపానికి, 21 వాట్లది బ్రేకుకు. ఎర్త్ చెడినా, తగని బల్బు పెట్టినా ఒకదాని కరెంటు రెండవదానిలోనికి దూరుతుంది. మాది ఆ జబ్బు కాదు. తరువాత పెడలును చేతితో పైకి లాగారు, ఆరలేదు. ఆరివుంటే పెడలు స్ప్రింగు సడలిందనో, స్విచ్చి ఎడం తప్పిందనో అర్థం. అప్పుడు సీటు ముందు వెల్లకిల పడుకొని, పెడలు కాడ పైభాగాన వున్న చిన్న స్విచ్చి ముక్కును వ్రేలితో నొక్కారు. దీపాలు ఆరాయి. వదిలారు, వెలిగాయి. మళ్ళీ నొక్కారు, ఆరాయి.

ఆ స్విచ్చి నడిచే తీరు మనం ఊహించుకొనేదానికి తలక్రిందులు. కాలు తీసినప్పుడు పెడలు కాడ వెనుకకు వచ్చి దాని ముక్కును లోనికి అదిమి పట్టుకొంటుంది, కరెంటు తెగుతుంది. కాలు మోపగానే కాడ తొలగుతుంది, ముక్కు స్ప్రింగు బలంతో వెలికి వస్తుంది, దీపం వెలుగుతుంది. మా బండిలో కాడమీద ముక్కు ఆనేచోట ఒక రంధ్రం, ఆ రంధ్రంలో బొత్తామంత ప్లాస్టిక్ బిళ్ళ వుండవలెను. ఏండ్ల తరబడి వేడికి పెళుసెక్కి అది రాలిపోయింది. ముక్కు రంధ్రంలోనుండి నిరాటంకంగా దూసుకొనిపోయింది. పాపం, ఎవరో రాత్రంతా బ్రేకు తొక్కుతూనే వున్నారని ఆ బండి అనుకొన్నది. చాచా క్రిందినుండి విరిగిన ముక్కలు రెండు ఏరి నా అరచేతిలో పెట్టారు. కొత్త బిళ్ళ బిగించడానికి పది నిమిషాలు పట్టింది. దాని ధర వ్రాయడానికి సిగ్గుగా వున్నది.

"ముక్కు నొక్కినా ఆరకపోతే?" అని అడిగాను.

"స్విచ్చికి వచ్చే తీగల జోడు ఊడదీస్తాను. ఆరితే స్విచ్చి పోయినట్టు. అప్పటికీ ఆరకపోతే తీగ ఎక్కడో ఒరుసుకొని కరెంటు తగులుతున్నట్టు. వైరింగు మీద చెయ్యి అప్పుడు వెయ్యాలి సాబ్, ముందే కాదు."

విద్యార్థులారా, అన్వయ వ్యతిరేకములని మన తర్కశాస్త్రం చెప్పేది దీనినే. ఇది వుంటే అది వుండడం, ఇది లేకుంటే అది లేకపోవడం. పొగను, నిప్పును ఉదాహరణగా చెప్పి నేను ఎన్నో ఏండ్లు ఆ మాటలను వల్లెవేయించాను. చాచా ఆ మాటలు ఎన్నడూ వినలేదు. ఐనను అన్నింటికన్న ఖర్చులేని పరీక్షను ముందు, అన్నింటికన్న ఖర్చైనదానిని చివర చేసే క్రమాన్ని ఆయన పాటించినంత నిష్ఠగా నేను ఏనాడూ పాటించలేదు.

వెలగకపోతే ప్రమాదం గాని, వెలుగుతూ వుంటే ఏమి నష్టమని కొందరు వాదిస్తారు. ఇది పొరపాటు. ఎల్లవేళలా వెలిగే బ్రేకు దీపం వెనుక వచ్చేవానికి ఏమీ చెప్పదు. అసలు దీపమే లేకుంటే అతడు కొంత అనుమానంతోనైనా దూరం పాటిస్తాడు. ఇక్కడ నాలుగు నిమిషాలు చూసి ఆ ఎరుపును లెక్కచేయడం మానివేస్తాడు. నిజంగా మనం ఆగిన క్షణాన అతడు ఆగడు. ఆటోమేటిక్ గేరు కార్లలో మరొక చిక్కు వున్నది. చాలావాటిలో బ్రేకు తొక్కితేనే గేరు మీట పార్కింగు స్థానం నుండి కదులుతుంది. ఈ స్విచ్చి అబద్ధం చెప్తే పాదం లేకుండానే, పిల్లవాని చేతికి సైతం, కదలవచ్చును.

ఇంతకూ నేను వ్రాయదలచినది ఇది. మన తరగతుల్లో మిస్త్రీల బిడ్డలు ఎందరో వున్నారు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట కొందరు 'వ్యాపారం' అని వ్రాస్తారు. నేను చూసి వూరుకొన్నాను; ఆ వూరుకోవడంలో నా తప్పు కూడ వున్నది. గోళ్ళలో నూనె మరక చదువుకు విరోధమని వారికి ఎవరు నేర్పారు? పాఠ్యపుస్తకం నేర్పలేదు. మనమే, మన మాట విరుపుతో, చూపుతో నేర్పాము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక చెక్కమీద పాత పెడలు, స్విచ్చి, రెండు బల్బులు, ఒక బ్యాటరీ, ఒక ఫ్యూజు బిగించి వుంచుదాము. నెలకు ఒకసారి అందులో ఏదో ఒక లోపం కల్పించి, విద్యార్థులచేత కారణం కనిపెట్టించుదాము. కల్పించేవాడు, తప్పులు దిద్దేవాడు మిస్త్రీయే కావలెను. ఆయనకు అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికమే ఇవ్వవలెను, తక్కువ కాదు. చాచాను ఇదివరకే అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడు పిలిచినా వస్తానన్నారు.