చిన్నకన్ను వల

వేట ముగిసి పడవలు ఒడ్డు చేరిన పిమ్మట, శ్రీకాకుళము జిల్లా భావనపాడు చేపల రేవులో వలలు ఇసుకమీద పరచుకొని చిరుగులు కుట్టుకొనుచు కూర్చుండువారి చెంత, తిరగవేసిన బుట్టయొకటి ఆసనముగా చేసికొని, చేతి ఫోనులో తెలుగు వికీపీడియా చదువుకొనుట ఉద్యోగము చాలించిన నాటినుండి నాకు అలవాటైనది. మొన్న నొక సాయంకాలము మన ఆంధ్రప్రదేశమును గూర్చిన వివరములు చూచుచు తీరపు పొడవు దగ్గర ఆగితిని. నేను బడిలో ముప్పది యేండ్లు చెప్పినదియు, పిల్లలు వల్లించినదియు 974 కిలోమీటర్లు. కేంద్ర ప్రభుత్వము వారు ఇటీవల మరల కొలిపించి తేల్చినది 1,053 కిలోమీటర్లు. ఆ మాట పైకి అనునప్పటికి, ప్రక్కన వల కుట్టుచున్న ముదుసలి తలయెత్తినాడు.

"అదేటి మేస్టారూ, ఇసక రేణువు కదలనేదు, ఎనభై కిలోమీటర్లు ఏడనుండి వొచ్చీసినాయి?"

చెప్పితిని. వెనుక 1970ల ప్రాంతమున కొలిచిన పటములో ఒక సెంటీమీటరు నలుబదియైదు కిలోమీటర్లకు సమానము. అంత కుదించిన పటములో ఏటి మొగలు, ఉప్పుటేళ్ల మెలికలు, ఇసుక దిబ్బల వంపులు కంటికి ఆనవు. ఇప్పటి పటములో సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లే గనుక ఆ మెలికలన్నియు లెక్కకు వచ్చినవి. ఆయన ఒక్క క్షణము ఆలోచించి, చేతిలోని వలను వెలుతురు కెత్తి చూపి, "అంతేనా! పెద్దకన్ను వలలో జారిపోయినవి సిన్నకన్ను వలలో పడ్డాయన్నమాట" అని మరల సూది పట్టుకొన్నాడు. ముప్పది యేండ్ల పంతులుగిరిలో నేనింత చక్కగా ఒక్క పాఠమైనను చెప్పి యెరుగను.

ఆ కొత్త కొలతతో భారతదేశపు తీరమంతయు 7,516 కిలోమీటర్లనుండి 11,098 కిలోమీటర్లకు పెరిగినది. గుజరాతు తరువాత రెండవ పొడవైన తీరము మనదే యని ఇన్నాళ్లు చెప్పుకొనుచుంటిమి; ఇప్పుడు తమిళనాడు 1,068 కిలోమీటర్లతో మనలను దాటి ముందునకు పోయినది. పాఠ్యపుస్తకము మారుటకు ఏండ్లు పట్టును. విజ్ఞాన సర్వస్వములోనో, ఎవరో ఒకరు కూర్చుండి, "రెండవ" అను మాటను "మూడవ" యని దిద్ది, ఆ దిద్దుబాటునకు ఆధారమును ప్రక్కన చేర్చవలెను. జీతము లేదు, బిరుదు లేదు. పైగా తన రాష్ట్రమును ఒక మెట్టు దించిన పని. స్వచ్ఛంద సంపాదకుడనగా ఎవరో తెలిసికొన గోరువారికి నేను చూపు ఉదాహరణము ఇదియే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జునగారి పూనికతో మొదలైనది. తెలుగు అక్షరములను కంప్యూటరు తెరమీద నిలుపుటయే గగనమైన ఆ దినములలో, ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతి వాడుచుండగా, వానిని యూనికోడులోనికి మార్చు "పద్మ"ను రూపొందించినవారు ఆయనయే. వీవెన్‌గారి "లేఖిని" వచ్చి ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయు వెసులుబాటు కల్పించినది. నేడా సర్వస్వములో వ్యాసములు లక్ష దాటినవి. అందరు చేరి తర్కించుకొను చోటునకు వారు పెట్టుకొన్న పేరు రచ్చబండ. ఇంకను ఎదుగని చిన్న వ్యాసము మొలక. క్రొత్తవారు చేయి తిప్పుకొను చోటు ప్రయోగశాల. బుద్ధిపూర్వకముగ వ్యాసమును పాడుచేయు పని దుశ్చర్య. ఈ పేర్లు వినగానే ఇది పరాయి వస్తువు కాదని, మన ఊరి అరుగు మీది వ్యవహారమే యని తోచును.

తెలుగున సర్వస్వము కావలెనను కోరిక నూరేండ్ల నాటిది. 1906లో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలికి ప్రాణమై నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, అకారముతో ప్రారంభించి, మూడు సంపుటములు వెలువరించియు అకారము దాటకుండగనే 1923లో కన్నుమూసిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమునకు భుజ మిచ్చిరి. అంతటి మహాపండితులకు అకారమే దాటరానిదైనప్పుడు, ఉద్యోగము చేసికొనుచు రాత్రివేళ రెండు గంటలు మిగుల్చుకొను సామాన్యులు లక్ష వ్యాసములు కూర్చిరనగా, అది వారి పాండిత్యాధిక్యము కాదు. పని అక్షరక్రమమున గాక ఎవరికి తెలిసిన చోట వారు పట్టుకొనుటయే. బ్రిటానికా వంటి ప్రసిద్ధ సర్వస్వమే 2012లో అచ్చు సంపుటములు చాలించుకొన్నది. అచ్చులో పడిన తప్పు తరువాతి ముద్రణ దాక బ్రదుకును. ఇక్కడ తప్పు గంటలో పోవచ్చును, గంటలో రావచ్చును. వచ్చినది, పోయినది, తెచ్చినవాడు, తీసినవాడు అన్నియు "చరిత్ర" అను పుటలో చెరగక నిలుచును.

ఒక రాష్ట్రమును గూర్చిన వ్యాసము వ్రాయుట సుళువని తలచువారు మన రాష్ట్రముతో ప్రారంభింప వలదని నా మనవి. జనసంఖ్య యెంత? 2011 జనగణనను బట్టి, 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము వేరుపడగా మిగిలినవారు 4 కోట్ల 93 లక్షలు; ఆ పిదప పోలవరము నిమిత్తము ఖమ్మం జిల్లానుండి ఏడు మండలములు, కొన్ని పూర్తిగను కొన్ని పాక్షికముగను, ఇటు చేరగా 4 కోట్ల 95 లక్షలు. రెండును సరియైన లెక్కలే; ఏ తేదీ నాటి లెక్క యని ప్రక్కన చెప్పనిచో రెండును తప్పులే. రాజధాని యేది? హైదరాబాదు పదేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధాని యని 2014 చట్టము. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన. 2020లో మూడు రాజధానుల చట్టము. 2021 నవంబరులో దాని ఉపసంహరణము. 2024 జూన్ 2తో ఉమ్మడి గడువునకు తుది. వ్యాసము మొదట నుండు పట్టికలో రాజధాని కున్నది ఒక్కటే గడి. ఆ గడిలో ఒక పేరు వ్రాయుటకు, తన అభిమానమును గడప బయట విడిచి, చట్టమును తేదీని చేతబట్టుకొని కూర్చుండవలెను. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరువదియారు కాగా, మా శ్రీకాకుళమునుండి పాలకొండ పార్వతీపురం మన్యమునకు, రాజాం విజయనగరమునకు పోయినవి. ఆ ఒక్క ఉత్తరువు వలన రాష్ట్రమంతట వందలకొలది మండలముల, వేలకొలది ఊళ్ల వ్యాసములలో మొదటి వాక్యమే దిద్దవలసి వచ్చినది.

ఇంత దూర మేల? మా ఊరినే చూడుడు. 1935లో భావనపాడున పుట్టి, ఊరు విడువక, నేటిదాక బ్రదికిన మనుష్యుడొకడు ఉన్నాడనుకొందము. వాడు పుట్టినది గంజాం జిల్లాలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా అయినది. 1953 అక్టోబరు 1న మద్రాసు నుండి ఆంధ్ర రాష్ట్రమునకు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. గడప దాటకుండగనే మూడు జిల్లాలు, మూడు రాష్ట్రములు చూచినాడన్నమాట. ఏండ్ల తరబడి పత్రికలలో భావనపాడు ఓడరేవని చదివితిమి. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది ప్రక్కనున్న మూలపేటలో. నేడది మూలపేట ఓడరేవు. పాత పేరు వెదకుకొని వచ్చినవాడు దారి తప్పకుండ సంపాదకులు పెట్టు ఏర్పాటునకు "దారిమార్పు" అని పేరు. కాకరాపల్లి తంపర యను చిత్తడినేలలో థర్మల్ విద్యుత్కేంద్రము వలదని సాగిన ఉద్యమమును, 2011 ఫిబ్రవరి 28 నాటి పోలీసు కాల్పులను గూర్చి వ్రాయబోయినచో, ఈ తీరమున పుట్టినవాని గుండె ఒకటి చెప్పును, కలము మరియొకటి చెప్పవలసి యుండును. తటస్థ దృక్కోణమను నియమము ఎంతటి కఠిన తపస్సో అప్పుడు తెలియును.

నా భంగపాటు కూడ చెప్పి పాపము కడిగికొందును. మొదట కలము పట్టిన దినములలో ఈ తీరమును గూర్చిన యొక వ్యాసమున, ఇది ప్రాచీనకాలమునుండి సుప్రసిద్ధమైన రేవనియు, ఇచ్చటి ప్రకృతిశోభ వర్ణనాతీతమనియు, నాకు తెలిసిన సమాసములన్నియు గుప్పించి నాలుగు వాక్యములు చేర్చితిని. తెల్లవారి చూచునప్పటికి నాలుగును లేవు. తీసినవా రెవరో నేనెరుగను, తీసిన కారణము మాత్రము రెండు మాటలలో ఉన్నది: "మూలం లేదు." నాకు కోపము వచ్చినది. ఊరెరుగని వాడెవడో వచ్చి మా ఊరి ఘనత తుడిచివేయుటయా యని చర్చాపుటలో సుదీర్ఘముగ వ్రాయ నుంకించి, ఆ ఘనతకు నిదర్శనము చూపుదమని ఇల్లంతయు వెదకితిని. మా తాత చెప్పినాడన్న మాట తప్ప నాకడ మరేమియు లేదు. "వర్ణనాతీతము" అనుటలోని తప్పు కూడ అప్పుడే తెలిసినది: వర్ణింపలేనివాడు వ్రాయనేల?

అది మొదలు నా అభిప్రాయము స్థిరపడినది. రాష్ట్రమును గూర్చియైనను, ఊరును గూర్చియైనను సర్వస్వములోని వ్యాసము జెండా కాదు, ఆవర్జా పుస్తకము. అందులో కీర్తి కంటె లెక్క ముఖ్యము, లెక్క కంటె దాని ప్రక్కనుండు ఆధారము ముఖ్యము.

కాని యిచ్చట న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. ఊళ్ల వ్యాసములు అనేకము 2011 జనగణన వివరములతో నిండియున్నవి: ఇండ్లెన్ని, జనమెందరు, బంజరెంత, బ్యాంకు ఎంత దూరము. అవి సత్యములే. అయినను ఆ లెక్కలలో ఊరు కనబడదు. ఏ కార్తెలో ఏ చేప ఒడ్డునకు వచ్చునో, నౌపడ ఉప్పుమళ్లలో ఉప్పు ఏ విధముగ పండునో, 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుబండి మీద ఎవరెవరు ఏమేమి మోసికొని పోయిరో, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడిన రాత్రి ఉద్దానపు కొబ్బరితోటలలో ఏమి జరిగినదో, ఇవన్నియు జనుల నోళ్లలో ఉన్నవి. అచ్చులో ఉన్నది బహుస్వల్పము. ప్రచురణ పొందనిది ఆధారము కాదు. ఆధారము లేనిది వ్యాసములో నిలువదు. అనగా ఈ నియమము పట్టణములకు చుట్టము, పల్లెలకు పరాయిది కాదా యని యడుగవచ్చును.

నియమమును సడలింపుమని నేననను. సడలించిననాడు నావంటి వారి "వర్ణనాతీతములు" వరదవలె వచ్చి పడును. కులమునకొక చరిత్ర, పార్టీకొక రాజధాని పుట్టుకవచ్చును. జనగణన పెద్దకన్ను వల. అది పట్టవలసినది పట్టినది. చిన్నకన్ను వల అల్లవలసినవారము మనము. ఊరిలో ఆధారము లేకుండుట ఊరి తప్పు కాదు, ఆ ఊర చదువుకొన్నవారి తప్పు.

ఇందుకు మార్గదర్శి మా జిల్లావాడే. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పంతులుగా నున్నప్పుడు, సవరల భాష నేర్వదలచి, అందుకు పుస్తకమేదియు దొరకకపోగా, లేదని ఊరకుండలేదు. ఆ భాష తెలిసినవానిని ఇంట నుంచుకొని, మాటమాట విని వ్రాసికొని, పాఠములు కూర్చి, తుదకు 1931లో వ్యాకరణమును, ఆ పిమ్మట నిఘంటువును వెలువరించెను. ఆధారము లేనిచోట ఆయన ఆధారమునే సృష్టించెను. వాడుకభాషకై జీవితము ధారవోసిన ఆ మహనీయుని జిల్లాలో కూర్చుండి నేనింకను ఈ గ్రాంథికము విడువలేకున్నాను. తెలుగు వికీపీడియా మాత్రము ఆయన మాటనే విని వాడుకభాషలో నడచుచున్నది. ఆ తగవులో ఓడినది నేనేనని ఒప్పుకొందును.

కావున పాఠకులకు, ముఖ్యముగ ఉత్తరాంధ్ర బడిపంతుళ్లకు, నా విన్నప మిది. ఊరి పెద్దలనడిగి, పేరు తేదీ వేసి వ్రాసికొనుడు. వ్రాసినదానిని బడి వార్షికోత్సవ సంచికలోనో, జిల్లా పత్రికలోనో, చిన్న పుస్తకముగనో అచ్చు వేయించి, ఒక ప్రతి గ్రంథాలయమున కిండు. సర్వస్వపు తలుపు తెరచియే యున్నది. అచ్చట మీరు స్వయముగ చేర్చుకొనవలెనన్న తొందర వలదు, ఆధారము దొరికిన నాడు మరియొకరైనను చేర్తురు. మా రేవు ముదుసలి చెప్పిన చేపల పేర్లు నేనిప్పటికి ఒక నోటుపుస్తకమున పదునేడు వ్రాసికొంటిని. మీ ఊరివి మీరు మొదలుపెట్టుడు.

— తీరవాసి, భావనపాడు