పెరటి ముచ్చట్లు: నారింజ గింజ

పోయిన సంచికలో చింతపండు గురించి నేను రాసింది చదివి, హోసూరు నుంచి ఒక సోదరి "పులుపంటే చింతపండొక్కటేనా? నిమ్మ, నారింజల్ని ఎందుకు వదిలేశారు?" అని ఉత్తరం రాశారు. వదిలెయ్యలేదమ్మా, దాచుకున్నాను. ఆ సంగతి ఎత్తితే మా పెరటి చెట్టు సంగతి కూడా రాయాలి. అందుకు ఇన్నాళ్ళూ మనసు రాలేదు.

మా అత్తగారి పుట్టిల్లు యానాం దగ్గర. 1961లో అక్కణ్ణించి బెంగుళూరు వస్తూ, రైల్లో వికారంగా ఉంటే వాసన చూసుకోవడానికి రెండు నారింజ పండ్లు సంచిలో వేసుకున్నారట. ఇల్లు చేరాక ఆ గింజల్ని బావి పక్కన నాటారు. 1974లో నేను కోడలిగా వచ్చేసరికి చెట్టు విరగకాస్తోంది. పూత రోజుల్లో సాయంత్రం పెరటి తలుపు తీస్తే ఇల్లంతా పూల వాసనే.

ఇప్పటి పిల్లలు నారింజ అనగానే తొనలు ఒలుచుకు తినే తీపి పండు అనుకుంటారు. మా చెట్టుది అది కాదు. పుల్లది, కాస్త చేదు కూడా. పులిహోరకూ, ఊరగాయకూ పనికొచ్చేది. అత్తగారు రెండు సూత్రాలు చెప్పేవారు. రసం పిండేటప్పుడు గింజ నలగకూడదు. పిండిన రసాన్ని నిలవ ఉంచకూడదు, పొయ్యి దింపాకే అన్నంలో కలపాలి. లేకపోతే చేదెక్కుతుంది. అది వట్టి చాదస్తం కాదని తరవాత తెలిసింది. పిండిన రసం నిలవుంటే అందులో చేదు పదార్థం నెమ్మదిగా తయారవుతుందట.

ఈ చెట్టు పేరు మీద మా వీధిలో ఎప్పుడూ పంచాయితీయే. పక్కింటి కన్నడ ఆవిడ కాయని చేతిలోకి తీసుకుని "ఇది హేరళెకాయి అల్వా?" అనేది. ఆవిడ దాంతో చిత్రాన్నం చేసి గిన్నెడు మాకు పంపేది. ఎదురింటి తమిళ మామి "ఇదు నార్తంగాయ్ దానే?" అనేది. కాయని చుట్టలు చుట్టలుగా కోసి, ఉప్పు కూరి, ఎండబెట్టి, పెరుగన్నంలోకి జాడీకెత్తేది. "మీరేమన్నా అనుకోండి, ఇది మా పుట్టింటి నారింజ" అనేవారు మా అత్తగారు. కాయలు మాత్రం ముగ్గురిళ్ళకూ వెళ్ళేవి.

ఆ పేరు చేసిన ప్రయాణం వింటే ఆవిడ మురిసిపోయేవారు. సంస్కృతంలో నారంగం. అది ద్రావిడ భాషల నుంచే సంస్కృతంలోకి వెళ్ళిందని భాషాశాస్త్రజ్ఞులు చాలామంది అంటారు. తమిళుల నార్తంగాయకూ దానికీ చుట్టరికం ఉందన్నమాట. అక్కణ్ణించి పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పెయిన్ వాళ్ళకు నరాంహా అయింది. ఫ్రెంచివాళ్ళ దగ్గరికొచ్చేసరికి మొదటి 'న' ఎగిరిపోయి ఆరెంజ్ మిగిలింది. మన దేశపు మాటే ఊళ్ళన్నీ తిరిగి, వేషం మార్చుకుని మళ్ళీ మన పిల్లల నోటికొచ్చింది.

యూరపుకు ముందు వెళ్ళింది ఈ పుల్ల నారింజే. తీసుకెళ్ళినవారు అరబ్బులు. తీపిది వందల ఏళ్ళ తరవాత వెళ్ళింది. పోర్చుగీసువాళ్ళు దాన్ని బాగా వ్యాపింపజేశారు కాబట్టి అరబ్బులు ఇవాళ్టికీ తీపిదాన్ని బుర్తుఖాల్ అంటారు. అంటే పోర్చుగల్ పండు అని! బొంబాయి, పూనాల్లోని మనవాళ్ళు రోజూ తాగే మోసంబి రసం పేరు కూడా ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచి వచ్చిందే. బెంగాలీల బాతాబి లేబు, అంటే పంపర పనస, బటావియా పేరు మోస్తోంది. ఇవాళ్టి జకార్తా నగరానికి అది పాత పేరు. మన బత్తాయి మాట కూడా ఆ బటావియా నుంచే వచ్చిందంటారు.

పేర్ల చుట్టరికం ఇలా ఉంటే, పండ్ల చుట్టరికం ఇంకా వింత. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ జాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు దిగువ కొండలని తేల్చింది. అంటే అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని యునాన్ ప్రాంతం. సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట అక్కణ్ణించే అన్ని వైపులకీ పాకాయట. మేఘాలయలోని గారో కొండల్లో, నోక్రెక్ అడవుల్లో, ఇప్పటికీ ఒక అడవి నారింజ ఉంది. గారో ప్రజలు దాన్ని మెమాంగ్ నారంగ్, అంటే దయ్యాల నారింజ అంటారు.

మనం తినే రకాల్లో చాలా వాటికి మూలపురుషులు ముగ్గురే. పంపర పనస, కమలా జాతి, మాదీఫలం. మా పుల్ల నారింజకు తల్లి పంపర పనస, తండ్రి కమలా జాతి. బత్తాయిలోనూ ఆ రెండింటి రక్తమే, కాకపోతే కలయికలు ఎక్కువసార్లు జరిగాయి. పుల్ల నారింజకు మాదీఫలంతో పెళ్ళయితే పుట్టింది సీమ నిమ్మ, అదే లెమన్. మనం రోజూ వాడే చిన్న నిమ్మకాయకు కూడా తండ్రి మాదీఫలమే, తల్లి ఫిలిప్పైన్సు అడవి పిల్ల. ఈ వంశంలో మాదీఫలం ఎక్కడికెళ్ళినా పెళ్ళికొడుకే!

నమ్మకం లేకపోతే ఆకులు కోసి చూడండి. ఆకుకూ కొమ్మకూ మధ్య కాడ ఉంటుంది కదా, పంపర పనసలో ఆ కాడకు పెద్ద రెక్క ఉంటుంది. మాదీఫలానికి రెక్కే ఉండదు. మా నారింజకు మధ్యస్థంగా ఉంటుంది. తల్లి పోలిక కొంత వచ్చిందన్నమాట. పిల్లలకు సెలవుల్లో ఇది మంచి కాలక్షేపం.

మూలపురుషులు ముగ్గురూ మన ఊళ్ళ చుట్టుపక్కలే ఉన్నారు. కొల్హాపూర్ మహాలక్ష్మి అమ్మవారి కుడిచేతిలో ఉన్న పండు చూశారా? అది మాతులుంగం, మన మాదీఫలమే. బెంగుళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి చక్కోత, అంటే పంపర పనస, తియ్యదనానికి పేరుపొందింది. 2008లో అక్కడ విమానాశ్రయం వచ్చాక భూముల ధరలు పెరిగి, చెట్లు తరిగిపోయాయి. కమలా జాతిలో నాగపూర్ సంత్రా ఉండనే ఉంది. కాఫీ తోటల నీడలో పెరిగే కొడగు కిత్తళె మాత్రం తెగుళ్ళతో బాగా తగ్గిపోయింది. దొరికితే వదలకండి. అన్నట్టు, పంపర పనస కొన్ని రక్తపోటు, కొలెస్టరాల్ మందులతో పడదు. మందులు వాడే పెద్దలు డాక్టరునడిగి తినండి.

ఇక మా చెట్టు సంగతి. 2022లో మా ఇల్లు అపార్ట్‌మెంట్ల కోసం ఇచ్చేశాం. నలుగురన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి, ఎవరినీ తప్పు పట్టను. కాగితాల మీద సంతకాలవుతుంటే "ఆ చెట్టు మాటేమిటి?" అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. అత్తగారు ఉంటే నన్ను క్షమించేవారు కాదు. పూత మీదున్న చెట్టును ఒక్క పూటలో కొట్టేశారు.

ఆ రాత్రి ఫ్రిజ్‌లో చివరి కోతవి అయిదు కాయలు కనబడ్డాయి. ఊరగాయ పెడదామని కత్తి పట్టుకున్నాను గాని చెయ్యి ఆడలేదు. వ్యవసాయం చదివిన మా చెల్లెలి కొడుకుకు ఫోన్ చేశాను. "పెద్దమ్మా, గింజలు పారెయ్యకు. ఎండనివ్వకుండా వెంటనే పాతిపెట్టు. మామిడిలో అంటు కట్టాలి గాని, నారింజకు అక్కరలేదు" అన్నాడు.

కారణం కూడా చెప్పాడు. నారింజ గింజ ఒక్కటి పాతితే తరచూ రెండు మూడు మొలకలు వస్తాయి. 1719లోనే లేవెన్‌హుక్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ వింతను చూశాడు. వాటిలో చాలా మొలకలు పుప్పొడితో పని లేకుండా, నేరుగా తల్లి కణాల నుంచే పుడతాయి. అంటే అవి తల్లికి బిడ్డలు కావు, తల్లే. ఒకే ఎత్తులో, ఒకే పోలికతో ఏపుగా వచ్చే మొక్కలు అలాంటివి. గిడసబారి, వేరే తీరుగా ఉన్నది తీసెయ్యాలి. పంపర పనసకూ మాదీఫలానికీ ఈ గుణం లేదు, వాటి గింజ నుంచి ఏమొస్తుందో చెప్పలేం.

ఆ మాట విన్నాక చాలాసేపు ఊరుకుండిపోయాను. అత్తగారు యానాం నుంచి తెచ్చింది ఆ చెట్టు సంతానం అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాతో నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసింది వాళ్ళ అమ్మగారి పెరట్లోని చెట్టేనేమో!

ముప్ఫై గింజలు పాతాను. పదిహేడు మొక్కలు నిలిచాయి. రెండు మా బాల్కనీలో కుండీల్లో ఉన్నాయి. ఒకటి కన్నడ ఆవిడ కొడుకు తన తోటలో వేశాడు, ఒకటి మామి కూతురు చెన్నై తీసుకెళ్ళింది. గింజ మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ముళ్ళూ ఎక్కువే. నా వయసుకి ఆ కాయతో పులిహోర కలుపుతానో లేదో! మొన్న మా మనవరాలు కుండీకి చీటీ కట్టాలని కూర్చుంది. ఏం రాయాలని అడిగింది. నారింజ అని రాయమన్నాను. కింద హేరళె, నార్తంగాయ్ అని కూడా అదే రాసింది, ఇరుగుపొరుగుల పిల్ల కదా.

మిగిలిన మొక్కలు మన సంఘం వార్షికోత్సవానికి తెస్తాను. చోటున్నవారు, కుండీలో కాదు, నేలలో నాటగలిగినవారు తీసుకోండి. మీ ఊళ్ళో దీన్నేమంటారో, ఏం వండుతారో రాయండి. బరంపురం, షోలాపూర్ వాళ్ళ ఉత్తరాల కోసం ప్రత్యేకంగా చూస్తుంటాను.

ఉంటాను మరి.