పొలం ఎవరిది, పట్టా ఎవరిది?

కాకుమానులో పొద్దు పొడవకముందే నాట్లకు పోయే కూలీకి పాలస్తీనా గొడవ ఎందుకని కొందరు అడుగుతున్నారు. అదీ భూమి గొడవే గనుక.

1948లో ఏడు లక్షల పైచిలుకు పాలస్తీనీయులు ఇల్లూ పొలం విడిచి పోవలసి వచ్చింది. 1950లో ఇజ్రాయెల్ ప్రభుత్వం, ఊళ్లో లేనివారి ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం తెచ్చింది. ముందు తరిమారు, తర్వాత 'నువ్వే లేవు, నీకు పొలమేమిటి?' అన్నారు. 1976 మార్చి 30న గలిలీలో భూముల స్వాధీనాన్ని ఎదిరించి సమ్మె కడితే ఆరుగురిని కాల్చి చంపారు. 1967లో ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేంలలో నేడు సుమారు ఏడు లక్షల మంది ఇజ్రాయెలీలు కాలనీలు కట్టుకుని ఉన్నారు. పొట్ట చేతబట్టుకుని మిరప కోతలకు వలసపోయే మన కూలీ వేరు, సైన్యం అండతో పరాయి పొలంలో పాతుకునేవాడు వేరు.

ఇదంతా దూరపు కథ అనుకోవద్దు. కోస్తా నుంచి ఏజెన్సీకి పోయి భూములు చేజిక్కించుకున్న మోతుబరులను మనం ఎరగమా? ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలని, కాదంటే అతడే రుజువు చేసుకోవాలని 1970లో 1/70 చట్టం చెప్పింది. చట్టం వచ్చిన పదకొండేళ్లకు, 1981 ఏప్రిల్ 20న, ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. సర్కారు లెక్కకు చనిపోయింది 13 మంది. పౌరహక్కుల వారి లెక్క అంతకంటే చాలా ఎక్కువ.

రెండూ ఒకటే అని మేము అనడం లేదు. గోండుకు ఓటుంది, రాజ్యాంగంలో అయిదో షెడ్యూలుంది. వెస్ట్ బ్యాంక్ రైతుకు తన నెత్తిన కూర్చున్న ప్రభుత్వాన్ని దించే ఓటు కూడా లేదు. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ఆక్రమణ అక్రమమని, కాలనీలను ఖాళీ చేయించాలని అభిప్రాయం చెప్పింది. మంచిదే. అయితే కాగితం మీది న్యాయం దానంతటది పొలంలోకి నడిచిరాదని 1/70 మనకు నేర్పింది.

యూదు శ్రామికులతో మనకు పగ లేదు. ఒక రాజ్యమా, రెండు రాజ్యాలా అన్నది తేల్చుకునే హక్కు, కాందిశీకులతో సహా, పాలస్తీనా ప్రజలకు ఉండాలి. 1988లో పాలస్తీనాను గుర్తించిన దేశం మనది. ఆ మాట మీద నిలబడమని ఢిల్లీ సర్కారును నిలదీయాలి.

సంఘం మీటింగుల్లో మార్చి 30నూ ఏప్రిల్ 20నూ కలిపి చెప్పుకుందాం. మన ఊరి ఆసామికి ఏజెన్సీలో ఎకరాలుంటే, అవి ఎట్లా వచ్చాయని అడుగుదాం. అది అడగకుండా గాజా కోసం ఎంత అరిచినా సగం మాటే అవుతుంది.